పెద్ద ఫండ్లు ఉన్నాయని అప్పు చేసి షేర్లు కొనొచ్చా?

ప్రశ్న: ఒక లిస్టెడ్ కంపెనీలో మూడు పెద్ద ఫండ్ సంస్థలకు కలిపి దాదాపు ఐదో వంతు వాటా ఉంది. అంత పెద్దవాళ్లు ఉండగా యాజమాన్యం తప్పటడుగు వేయదన్న ధైర్యంతో, దాచుకున్న అత్యవసర నిధికి పర్సనల్ లోన్ కలిపి ఆ షేర్లే కొన్నాను. ధర మూడో వంతు పడిపోయింది. ఇంకో లోన్ తీసుకుని యావరేజ్ చేయమంటారా, అంటే తగ్గిన ధరకు మరికొన్ని కొని సగటు ధర దించుకోమంటారా?

జవాబు: వద్దండి. ఇక పైసా కూడా అప్పు చేయొద్దు. ధర పడినందుకంటే, రేపు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మీ చేతిలో ఏమీ లేదన్నదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

మీ ధైర్యం సంగతి ముందు చూద్దాం, ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. పెద్ద వాటాదారుల మాటకు బలం ఉంది, కాదనను. 2021లో ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న ఫండ్‌కు అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్‌లో ఉన్నది సుమారు 0.02 శాతం వాటాయే. అయినా ముగ్గురు డైరెక్టర్లను బోర్డులోకి పంపగలిగింది. బ్లాక్‌రాక్, వాన్‌గార్డ్, స్టేట్ స్ట్రీట్ లాంటి పెద్ద ఫండ్ సంస్థలు దాని అభ్యర్థుల్లో కొందరికి ఓటేశాయి కాబట్టే అది సాధ్యమైంది. ఓటింగ్ దాకా రాకుండానే యాజమాన్యంతో విడిగా కూర్చుని మాట్లాడి పని జరిపించుకోవడం కూడా మామూలే.

అయితే ఆ బలం మీ షేరు ధరకు కాపలా కాదు. ఇండెక్స్ ఫండ్ అంటే సెన్సెక్స్ లాంటి సూచీలో ఉన్న కంపెనీల షేర్లు కొనే ఫండ్. అది ఆ కంపెనీని కొన్నది నచ్చి కాదు, సూచీలో ఉంది కాబట్టి. వేల కంపెనీల్లో వాటాలున్న సంస్థ మీ ఒక్క కంపెనీ లెక్కలు రోజూ చూస్తూ కూర్చోదు. ఏరికోరి కొన్న ఫండ్ అయితే, విసిగిపోయిన రోజున అమ్ముకుని వెళ్లిపోతుంది. మీకు తెలిసేసరికి ధర పడి ఉంటుంది.

స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్‌నే చూడండి. ఏళ్ల తరబడి పెద్ద వాటాదారుగా ఉన్న హారిస్ అసోసియేట్స్ అనే ఫండ్ సంస్థ తన వాటా మొత్తం అమ్మేసింది. 2022 చివర్లో షేరు 3.82 ఫ్రాంకుల చొప్పున దాదాపు 9.9 శాతం కొన్న సౌదీ నేషనల్ బ్యాంక్, 2023 మార్చి 15న ఇక డబ్బు పెట్టేది లేదని చెప్పేసింది. వాటా 10 శాతం దాటితే అదనపు నిబంధనలు వర్తిస్తాయన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ రోజే షేరు దాదాపు పావు వంతు పడింది. నాలుగు రోజులకు మరో స్విస్ బ్యాంకు యూబీఎస్‌తో కుదిరిన విలీనంలో షేరుకు కట్టిన విలువ 0.76 ఫ్రాంకులు. అంత పెద్ద వాటాదారుకే దిక్కు లేకపోయింది. వాళ్లు ఆ నష్టాన్ని తట్టుకున్నారు. మీకు మాత్రం షేరు పడినా లేచినా నెల తిరిగేసరికి కిస్తీ కట్టక తప్పదు.

కొన్న ధరకు వచ్చేదాకా ఆగుదామని అనుకోకండి, వడ్డీ ఆగదు. ఈ వారమే షేర్లు అమ్మండి. వచ్చిన దాంట్లో మూడు నెలల ఇంటి ఖర్చు, దానితోపాటు మూడు కిస్తీలు విడిగా బ్యాంకులో వేసి, దాన్ని ముట్టుకోకండి. మిగిలింది లోన్‌కు కట్టండి. లోన్ తీరాక ఆ నిధిని ఆరు నెలల ఖర్చుకు పెంచండి. అదయ్యాక షేర్ల మీద ఇష్టం ఉంటే ఫండ్ ద్వారా నెలనెలా పెట్టుకోండి, సొంత డబ్బుతోనే. రెండో లోన్ అప్లికేషన్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, రేపు పొద్దున్నే రద్దు చేయించండి.