పేర్లు రాసుకోండి, బిడ్డా

మేనల్లుడూ,

మొన్న భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు మక్క కంకి మొత్తం ఒలిచావు, ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఏదో చెప్పడానికే వచ్చావని అప్పుడే అర్థమైంది. నువ్వు ఇష్టపడుతున్నది ఒక మగవాణ్ణని చెప్పాక నాకు మాట రాలేదు. నా మౌనాన్ని కోపం అనుకున్నావేమో, కాదు బిడ్డా.

నీది జబ్బు కాదు, తప్పు కాదు. నేరం అంతకన్నా కాదు. ఈడొచ్చిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి దగ్గరైతే అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంట్లో చెప్తామని బెదిరించి ఎవరన్నా డబ్బులు అడిగితే పైసా ఇవ్వకు, నాకు ఫోన్ చెయ్యి. పెళ్లి సంగతి వేరే. 2023 అక్టోబరు 17న అదే కోర్టు, అలాంటి పెళ్లికి చట్టం చేయాల్సింది పార్లమెంటు అని వదిలేసింది. నా టెన్షనంతా అక్కడే.

హన్మకొండలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. కాజీపేటలో ఇద్దరు మగవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నారు. అందరూ దోస్తులనే అనుకున్నారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆయన పోయాడు. పెద్దకర్మ కూడా కాకముందే అన్న కొడుకులు పంపకం కాగితం రాయించుకోవడానికి నా దగ్గరికొచ్చారు. వాళ్లు వెళ్లిందాకా రెండో ఆయన వేపచెట్టు కింద నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "అందులో నా పేరు ఎక్కడన్నా ఉందా సార్?" అన్నాడు. లేదన్నాను. చేతిలో ఉన్న తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అందుకే బతికుండగానే రాసుకోండి. జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరికొకరు నామినీగా ఉండటానికి మీలాంటి జంటలకు అడ్డం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖే చెప్పింది. అయితే నామినీ ఉంటే చాలనుకోకు. అతను డబ్బు తీసుకోగలడు గానీ వారసులు అడిగితే ఇవ్వాల్సి వస్తుంది. వీలునామా కావాలి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. ఆస్తి ఎవరికి రాస్తున్నావో అతనితో సాక్షి సంతకం పెట్టించకు, తర్వాత వీలునామా మీద అనుమానాలకు, గొడవలకు దారిస్తుంది. ఈ పొరపాటు నేను చాలాసార్లు చూశాను.

ఇంకొకటి. అమ్మ ఏడ్చిందని ఏ ఆడపిల్లనూ పెళ్లి చేసుకోకు. ఆ పిల్ల ఏం పాపం చేసింది? అమ్మకు చెప్పడానికి తొందర లేదు. చెప్పే రోజు నేను పక్కనుంటా.

అతని గురించి నేను అడిగేది ఒక్కటే. నీకు జ్వరమొస్తే పక్కన కూర్చునే దోస్తేనా? కోరిక ఒక్కటే ఉంటే కాగితాల దాకా పోవద్దు, కొన్నాళ్లు ఆగు.

అవునంటే ఆదివారం ఇద్దరూ రండి. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు తెచ్చుకోండి. నీ దోస్తును తీసుకొస్తున్నావని అత్తమ్మకు చెప్పాను, సర్వపిండి చేస్తానంది.

నీ మామయ్య