కొత్త ఇల్లు కట్టించుకుంటున్నారా? డిజైన్ సెంటర్‌కి వెళ్లే ముందు ఇది చదవండి

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక తమ్ముడు లంచ్ టైమ్‌లో ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంటి బేస్ ప్రైస్, అంటే అదనపు హంగులేవీ కలపని ధర, 4 లక్షల 80 వేల డాలర్లు. భార్యాభర్తలిద్దరూ నాలుగైదు రాత్రులు కూర్చుని లెక్కలు వేసుకుని, ఇంతవరకు తట్టుకోగలం అనుకునే కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. మూడు వారాల తర్వాత డిజైన్ సెంటర్‌లో (ఇంటికి టైల్స్, క్యాబినెట్ల లాంటివి ఎంచుకునే బిల్డర్ షోరూమ్‌లో) నాలుగు గంటలు కూర్చుని బయటికొచ్చేసరికి అప్‌గ్రేడ్ల పేరుతో దాని మీద ఇంకో 61 వేలు ఎక్కింది. "అన్నా, ఇందులో ఏది తీసేయమంటావు? చూస్తే అన్నీ అవసరమే అనిపిస్తున్నాయి" అన్నాడు. ఆ అప్‌గ్రేడ్ల కాగితం మీద ఫైనల్ సంతకానికి ఇంకా తొమ్మిది రోజులు టైముంది. అతనితో కూర్చుని మాట్లాడిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ప్రతి ఏడాదీ మనవాళ్లు ఇదే కాగితం పట్టుకుని ఇదే టెన్షన్ పడుతున్నారు. మేం ఉండేది డల్లాస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు. కాబట్టి పన్నుల సంగతి వచ్చినచోట అది టెక్సాస్ లెక్క అనుకోండి, డిజైన్ సెంటర్ తీరు మాత్రం అమెరికాలో ఎక్కడైనా దాదాపు ఇంతే.

అసలు తేడా మోడల్ హోమ్‌లోనే, అంటే బిల్డర్ మనకు చూపించడానికి ముస్తాబు చేసి ఉంచే ఇంట్లోనే మొదలవుతుంది. మీరు చూసి ముచ్చటపడిన ఆ వంటగది, ఆ మెట్లు, ఆ ఎత్తైన తలుపులు, వీటిలో చాలావరకు బేస్ ప్రైస్‌లో రావు. అందుకే మొదటి రోజే "ఈ గదిలో బేస్‌లో వచ్చేవి ఏవో చూపించండి" అని అడగండి, గది గదికీ అడగండి, మొహమాటపడొద్దు. వీలైతే అదే ప్లాన్‌లో పెద్దగా అప్‌గ్రేడ్లు లేకుండా కట్టిన ఇల్లు ఒకటి చూపించమనండి. అది చూశాక కూడా నచ్చితేనే ఆ ఇల్లు మీ బడ్జెట్‌లో ఉన్నట్టు.

డిజైన్ సెంటర్‌లో ధరలు చెప్పే పద్ధతి గురించి కూడా చెప్పాలి. "ఈ టైల్ మారిస్తే నెలకు 12 డాలర్లే పెరుగుతుంది" అంటారు. నెలకు 12 డాలర్లంటే ఎవరు కాదంటారు? అలాంటివి ముప్పై చేరితే తడిసి మోపెడవుతుంది. లెక్క మీరే వేసుకోండి: 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ మీద ప్రతి 10 వేల డాలర్లకు నెలకు సుమారు 63 డాలర్లు, మొత్తం కాలానికి 22,750 దాకా కడతారు. ఆ తమ్ముడి 61 వేలు అంటే నెలకు 385, ముప్పై ఏళ్లకు 1 లక్షా 38 వేల పైచిలుకు. పదేళ్లలో అరిగిపోయే కార్పెట్‌కి ముప్పై ఏళ్లు వాయిదాలు కట్టడం ఏం న్యాయం చెప్పండి.

నేను చెప్పేది ఒక్కటే. గోడ లోపలికీ, నేల కిందికీ, పైకప్పు పైకీ వెళ్లేవి బిల్డర్ దగ్గరే చేయించుకోండి. గోడ మీదికి వచ్చేవి, స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి మార్చగలిగేవి తర్వాత మీరే చేయించుకోండి.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, మా ఇంటి వంటగది వల్ల తెలిసింది. పన్నెండేళ్ల కింద మేం ఇల్లు కట్టించుకున్నప్పుడు పొయ్యి పైన మైక్రోవేవ్ బేస్‌లో వచ్చింది, దాని అడుగున ఒక ఫ్యాన్. ఆ ఫ్యాన్ పొగను బయటికి పంపదు, చిన్న ఫిల్టర్ గుండా లాగి మళ్లీ మన ముఖం మీదికే వదులుతుంది. బయటికి గొట్టం వేసి హుడ్ (పొగ లాగే చిమ్నీ) పెట్టడానికి అప్పట్లో 900 డాలర్లు అడిగారు. నేను వద్దని, పొయ్యి వెనక గోడకు 1,800 పెట్టి నచ్చిన టైల్ వేయించాను. ఇంట్లో చేరిన మొదటి వారం పప్పులోకి పోపు పెడితే ఎండుమిర్చి ఘాటు మేడ మీద పిల్లల గది దాకా వెళ్లింది, పాప దగ్గుతూ కిందికి వచ్చింది, హాల్లో పొగ అలారం మోగింది. మూడేళ్లు కిటికీలు తీసుకుని వండుకున్నాం. చివరికి మనిషిని పిలిపిస్తే, పైన కప్పులో దూలాలు గొట్టం వెళ్లాల్సిన దారికి అడ్డంగా ఉన్నాయి, క్యాబినెట్ కోసి, సీలింగ్ తెరిచి, గొట్టాన్ని చుట్టు తిప్పి పక్క గోడలోంచి తీయాల్సి వచ్చింది. 4,200 డాలర్లయింది. సీలింగ్‌కి వేసిన అతుకు ఇప్పటికీ సాయంత్రం లైటు వేస్తే కనిపిస్తుంది. మన వంట చేసుకునే ఇంటికి బయటికి గొట్టం ఉన్న హుడ్ కంటే ముఖ్యమైన అప్‌గ్రేడ్ ఇంకోటి లేదని గట్టిగా చెబుతాను.

అలాంటివే ఇంకొన్ని. కింది అంతస్తులో ఒక బెడ్‌రూమ్, దానికి స్నానం చేసే వీలున్న పూర్తి బాత్‌రూమ్. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఐదారు నెలలు ఉంటారు, మోకాళ్ల నొప్పులతో రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి దిగడం వాళ్లకు నరకం. ఆ గది తర్వాత కట్టించడం దాదాపు కుదరని పని. గ్యారేజీలో 240 వోల్టుల ప్లగ్, ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు లేకపోయినా సరే. వెనక వరండాలో పొయ్యి పెట్టుకోవాలనుకుంటే అక్కడికి గ్యాస్ లైను. ప్రతి గదిలో ఫ్యాన్ బరువు మోసే బాక్సు, వైరు, గోడ మీద స్విచ్. ఫ్యాన్ మాత్రం వాళ్ల దగ్గర కొనకండి, క్లోజింగ్ (ఇల్లు మీ చేతికి వచ్చే చివరి సంతకాలు) అయ్యాక మీకు నచ్చింది కొని పెట్టించుకోవచ్చు. చలి రాష్ట్రాల్లో బేస్‌మెంట్ ఉన్న ఇళ్లయితే, కాంక్రీటు పోయకముందే అక్కడ బాత్‌రూమ్‌కి పైపులు వేయించి ఉంచుకోండి, బాత్‌రూమ్ ఎప్పుడైనా కట్టుకోవచ్చు.

లైట్లు, కుళాయిలు, క్యాబినెట్ పిడులు, అద్దాలు, కిటికీ బ్లైండ్లు, రంగులు, ఫ్రిజ్, వాషర్, డ్రయర్, వీటన్నిటినీ కాగితంలోంచి నిరభ్యంతరంగా కొట్టేయండి. ఆ తమ్ముడి కాగితంలో ఇవే 14 వేల దాకా ఉన్నాయి.

మధ్యలో తేల్చుకోలేని కొన్ని ఉంటాయి. ఫ్లోరింగ్ అలాంటిది. బెడ్‌రూముల్లో కార్పెట్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ హాలు, వంటగది, మెట్లు మాత్రం సామాను దిగకముందే అయిపోవాలి, తర్వాత చేయిస్తే వారం రోజులు ఇల్లంతా దుమ్ము, సామాను ఎక్కడ సర్దాలో తెలియదు. బయట కొటేషన్ ఒకటి తీసుకుని, క్లోజింగ్‌కీ ఇంట్లో చేరడానికీ మధ్య పది రోజులు ఖాళీ ఉంచుకోగలిగితే బయట చేయించండి, అద్దె ఇంటి లీజు అందుకు ఒప్పుకోకపోతే బిల్డర్ దగ్గరే చేయించుకోండి. క్యాబినెట్లు మాత్రం నేనైతే బిల్డర్ దగ్గరే మంచివి తీసుకుంటాను, వాటిని మార్చాలంటే పైనున్న రాయి, కింద సింకు, పైపులు అన్నీ కదపాలి.

లాట్ ప్రీమియం గురించి రెండు మాటలు. తూర్పు ముఖం, వెనక ఖాళీ జాగా, మూల ప్లాటు, వీటికి బిల్డర్ విడిగా డబ్బులు అడుగుతాడు. మీకు వాస్తు పట్టింపు ఉంటే ఆ డబ్బు లోపలి అలంకారంలోంచి తగ్గించి ఇక్కడ పెట్టండి, ఇల్లు తిప్పి కట్టలేం కదా. పట్టింపు లేకపోతే అదే ప్లాన్ పక్క వీధిలో ప్రీమియం లేకుండా దొరుకుతుందేమో అడగండి.

ఇక బేరం. బిల్డర్ బేస్ ప్రైస్ తగ్గించడానికి త్వరగా ఒప్పుకోడు, తగ్గిస్తే ఆ కమ్యూనిటీలో తర్వాత అమ్మే ఇళ్ల అప్రైజల్ (లోన్ కోసం ఇంటికి కట్టే విలువ) మీద పడుతుంది. దాని బదులు డిజైన్ సెంటర్‌లో వాడుకోమని 15 వేలో 20 వేలో క్రెడిట్ ఇస్తామంటాడు. వినడానికి బాగుంటుంది, కానీ ఆ క్రెడిట్‌ని వాళ్ల ధరల మీదే ఖర్చు పెట్టాలి. అదే డబ్బు క్లోజింగ్ ఖర్చులకో, వడ్డీ తగ్గించడానికో ఇవ్వగలరా అని అడగండి. చాలాసార్లు ఆ ఆఫర్ వాళ్ల లెండర్ దగ్గర లోన్ తీసుకుంటేనే అంటారు. అదే లెండర్ దగ్గర తీసుకోవాలని బలవంతమేమీ లేదు, ఆఫర్ మాత్రం పోతుంది. అందుకే బయట ఇంకో ఇద్దరి దగ్గర కూడా అప్లై చేయండి. అప్లై చేసిన మూడు పని దినాల్లో లోన్ ఎస్టిమేట్ అనే మూడు పేజీల కాగితం ఇచ్చి తీరాలి. దాని రెండో పేజీలో సెక్షన్ ఎ కింద పాయింట్లు (వడ్డీ తగ్గించడానికి ముందే కట్టించుకునే రుసుము) ఎన్ని వేశారో చూడండి. క్రెడిట్ పేరుతో ఇచ్చింది అక్కడ వెనక్కి లాక్కున్నారో లేదో తెలిసిపోతుంది.

అప్రైజల్ సంగతి చాలామంది ఆలోచించరు. మీరు 61 వేలు పెట్టారని ఇంటి విలువ 61 వేలు పెరగదు. అప్రైజర్ చుట్టుపక్కల అమ్ముడైన ఇళ్లు చూసి విలువ కడతాడు. అది కాంట్రాక్టు ధర కంటే తక్కువొస్తే, లెండర్ ఆ తక్కువ విలువ మీదే లోన్ ఇస్తాడు, తేడా మీరు చేతి నుంచి పెట్టుకోవాలి.

ఇంకొకటి, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్లకు. అప్‌గ్రేడ్లకు చాలామంది బిల్డర్లు ముందుగానే డిపాజిట్ తీసుకుంటారు, అది సాధారణంగా వెనక్కి రాదు. ఇల్లు కట్టడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఉద్యోగం పోతే హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఇక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ పరిస్థితిలో లోన్ రాక, డిపాజిట్ పోయి బాధపడిన కుటుంబాన్ని దగ్గర నుంచి చూశాను. ఎంత డిపాజిట్, ఎప్పుడు కట్టాలి, ఏ సందర్భంలో వెనక్కి ఇస్తారు, ఈ మూడూ కాంట్రాక్టులో చదివాకే సంతకం పెట్టండి. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు మిగలకుండా మాత్రం ఏ అప్‌గ్రేడూ వద్దు.

డబ్బు కట్టినంత మాత్రాన పని జరుగుతుందని కూడా అనుకోవద్దు. గోడలకు డ్రైవాల్ (లోపలి వైర్లు, పైపులు కనపడకుండా మూసే పలకలు) కొట్టకముందు సొంతంగా ఒక ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుని చూపించండి, మీరు కూడా అప్‌గ్రేడ్ల కాగితం చేతిలో పట్టుకుని ఒక్కో లైనూ టిక్కు పెడుతూ తిరగండి. మేం వరండాలో గ్యాస్ లైనుకి డబ్బు కట్టాం, వెళ్లి చూస్తే అక్కడ పైపే లేదు. ఆ రోజు చూశాం కాబట్టి రెండు రోజుల్లో వేశారు. అదే రోజు ప్రతి గోడకూ కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి, ఏ వైరు ఎక్కడుందో, ఏ పైపు నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో వెళ్తుందో కనిపించాలి. టీవీ బిగించేటప్పుడు ఇప్పటికీ నేను ఆ ఫోటోలే తీసి చూసుకుంటాను.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఇక్కడ ఆస్తి పన్ను జనవరి 1న ఉన్న స్థితిని బట్టి వేస్తారు. ఆ రోజుకి మీ ఇల్లు పునాదుల్లో ఉంటే ఆ ఏడాది పన్ను దాదాపు స్థలానికే పడుతుంది. మరుసటి ఏడాది ఇల్లంతటికీ పడుతుంది. లెండర్ మొదటి ఏడాది పన్ను చూసి ఎస్క్రో (పన్ను కోసం వాయిదాతో పాటు నెలనెలా తీసి ఉంచే డబ్బు) వేసి ఉంటే నెలవారీ కట్టేది ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. అసలే అప్‌గ్రేడ్లతో వాయిదా పెరిగిందేమో, గోరుచుట్టు మీద రోకటిపోటులా అవుతుంది. పూర్తయిన ఇంటి మీద ఏడాదికి పన్ను ఎంతో ముందే లెక్క కట్టమని అడిగి, ఆ అంకె మీదే మీ బడ్జెట్ వేసుకోండి.

తమ్ముడి సంగతికి వస్తే, ఆ తొమ్మిది రోజుల్లో భార్యాభర్తలిద్దరూ రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. లైన్ తర్వాత లైన్ చూసి 61 వేలను 28 వేలకు తెచ్చుకున్నారు. హుడ్ గొట్టం, కింది బెడ్‌రూమ్‌కి పూర్తి బాత్‌రూమ్, గ్యారేజీ ప్లగ్, మంచి క్యాబినెట్లు ఉంచుకున్నారు. చివర్లో ఒక్క లైన్ మిగిలింది, మెట్ల కింద పూజ గది, దానికి రెండు రెక్కల గాజు తలుపు, 2,300 డాలర్లు. అతను కొట్టేద్దామన్నాడు, ఆ అమ్మాయి ఏమీ అనలేదు గానీ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. తలుపు వెడల్పు చెక్క ఫ్రేమింగ్ వేసేటప్పుడే తేలిపోవాలి, తర్వాత గోడ కోయాలి కాబట్టి, దాన్ని ఉంచుకోమన్నాను.