ఫోన్ ఫోటోలు మసకబారితే: విశాఖ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఫోన్ కొని ఏడాదే అయింది. ఈమధ్య ఏది తీసినా మంచుపొరలోంచి చూసినట్టు వస్తోంది. రాత్రి ఆర్కే బీచ్‌లో తీస్తే వీధిదీపాల నుంచి పొడుగ్గా గీతలు సాగుతున్నాయి. కెమెరా మార్చాలంటున్నారు. మార్చాలా?
– గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఇప్పుడే మార్చకండి. బొమ్మంతా తెల్లటి పొర, దీపాల నుంచి గీతలు... ఈ రెండూ కలిసి కనిపిస్తే తప్పు దాదాపుగా లెన్స్ పైఅద్దం మీదే ఉంటుంది. వేలి జిడ్డు పల్చగా పరుచుకున్నప్పుడు, మనం తుడిచిన దిక్కుకి అడ్డంగా కాంతి సాగుతుంది. రాత్రి ఒక దీపాన్ని ఫోటో తీసి, లెన్స్ మీద ఇసుక లేదని చూసుకుని, మెత్తని గుడ్డతో నిలువుగా ఒకసారి తుడిచి మళ్లీ తీయండి. గీతల దిక్కు మారిందంటే అది జిడ్డే.

తుడవడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. బీచ్‌లో తుంపర ఆరిపోయి అద్దం మీద ఉప్పు మిగులుతుంది, దానికి సన్నని ఇసుక తోడవుతుంది. చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో పొడిగా రుద్దితే అద్దం మీది పూత గీసుకుపోతుంది. ఆ గీతలు ఇక పోవు. ముందు నొక్కితే గాలి వదిలే రబ్బరు బుడ్డితో ఇసుక ఎగరగొట్టండి (నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది). మంచినీళ్లతో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డను అద్దం మీద అద్దితే ఉప్పు కరుగుతుంది. ఆ తర్వాత కళ్లజోడు తుడిచే పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడవండి. ఇంకా జిడ్డుంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు గుడ్డ మీద వేసుకోండి, ఫోన్ మీద వేయకండి. నెయిల్ పాలిష్ రిమూవర్, కిటికీ అద్దాల స్ప్రే వద్దు.

కెమెరా మీద విడిగా గ్లాస్ అంటించారా? దాన్ని పీకేసి అదే దీపాన్ని మళ్లీ తీయండి. రెండు అద్దాల మధ్య చేరిన దుమ్ము, చెమ్మ వల్ల కాంతి చెదిరిపోతుంది. ఆ గ్లాస్ తీసేయగానే తీరిపోయే ఫిర్యాదులు చాలానే ఉంటాయి.

ప్రశ్న: బైక్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని రోజంతా డెలివరీలు చేస్తాను. ఇప్పుడు 1ఎక్స్‌లో బొమ్మ వణుకుతోంది, కెమెరా తెరిస్తే గరగరమని చప్పుడు. 0.5ఎక్స్ మాత్రం బాగానే ఉంది.
– డెలివరీ ఉద్యోగి, గాజువాక

జవాబు: సమస్య ఎక్కడుందో మీ ప్రశ్నలోనే ఉంది. 1ఎక్స్ అంటే ప్రధాన కెమెరా, అందులో లెన్స్ బిగించి ఉండదు. సన్నని స్ప్రింగుల మీద నిలబడి, తీగచుట్టలూ అయస్కాంతాల బలంతో కదులుతుంది. చెయ్యి ఇటు కదిలితే లెన్స్ అటు జరిగి సరిచేస్తుంది. దీన్నే ఓఐఎస్ అంటారు. చాలా ఫోన్లలో 0.5 కెమెరాకి ఇది ఉండదు, అందుకే అది బాగుంది. ఇంజన్ అదురు హ్యాండిల్ ద్వారా గంటలకొద్దీ తగిలితే ఈ ఏర్పాటు దెబ్బతినవచ్చని ఆపిల్ కంపెనీ 2021లోనే హెచ్చరించింది.

షాపుకి వెళ్లేముందు కవర్, అయస్కాంతం ఉన్న రింగు, హోల్డర్ ప్లేటు అన్నీ తీసేసి చూడండి. పక్కనే అయస్కాంతం ఉంటే బాగున్న లెన్స్ కూడా తడబడుతుంది. ఫోన్ రీస్టార్ట్ చేసి, కెమెరా సెట్టింగులు రీసెట్ చేయండి. అప్పటికీ వణుకుతుంటే అది సాఫ్ట్‌వేర్‌తో పోయేది కాదు, కెమెరా మాడ్యూల్ (లెన్స్‌తో సహా కెమెరా భాగం) మొత్తం మార్చాల్సిందే. అయితే ఒక మాట: కెమెరా ఆపి ఉన్నప్పుడు ఫోన్ ఊపితే టకటకమనడం ఓఐఎస్ ఉన్న ఫోన్లకి మామూలే. దాన్ని చూసి భయపడి ఖర్చు పెట్టుకోకండి.

జగదాంబ దగ్గరైనా, ఇంకెక్కడైనా, డబ్బులిచ్చే ముందు షాపులోనే మూడు ఫోటోలు తీయండి: జానెడు దూరంలో ఒకటి, మూడు మీటర్లలో ఒకటి, రోడ్డు అవతలి బోర్డు ఒకటి. బోర్డు ఫోటోని పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే మాడ్యూల్ ఏటవాలుగా కూర్చుందేమో, లేదా అదే నాసిరకమేమో. నీరు చొరకుండా అంచున వేసే జిగురుపట్టీ కొత్తది వేయమని గట్టిగా అడగండి. సముద్రం పక్కనున్న ఊళ్లో ఇది వదిలేస్తే కొత్త మాడ్యూల్‌లోకీ చెమ్మ చేరుతుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతివైతే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే, మార్చిన కెమెరా అసలుదో కాదో కనిపిస్తుంది.

ఇకమీదట ఫోన్ జేబులో పెట్టుకుని, దారి చెవిలో వినండి. హ్యాండిల్‌కే తగిలించక తప్పదంటే అదురు తగ్గించే రబ్బరు హోల్డర్ వాడండి.

ప్రశ్న: ఏసీ కారులోంచి కైలాసగిరి మీద దిగగానే ఫోటోలన్నీ తెల్లగా వస్తున్నాయి. అప్పుడప్పుడు ఇంటి దగ్గర కూడా లెన్స్ లోపల ఆవిరి కనిపిస్తోంది.
– పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. చల్లబడ్డ అద్దం మీద మన తీరపు తడిగాలి తగిలితే పైన ఆవిరి పడుతుంది. ఐదు పది నిమిషాల్లో ఫోన్ వేడెక్కి అదే పోతుంది. దిగడానికి కాస్త ముందు ఏసీ తగ్గిస్తే అసలు పట్టదు.

తుడిచినా పోని ఆవిరి మాత్రం లోపలిది. అంటే ఎక్కడో సీలు వదిలింది. ఫోన్ ఆపేయండి, ఛార్జింగ్ పెట్టకండి, సిమ్ ట్రే బయటికి తీయండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఒకటి రెండు రోజులు ఉంచండి. బియ్యంలో పెడితే పిండి, ధూళి సందుల్లోకి పోతాయి. హెయిర్ డ్రయర్ వేడికి జిగురు ఇంకా వదులుతుంది. మళ్లీ ఆవిరి పడితే ఆలస్యం చేయకుండా విప్పించి సీలు వేయించండి, లేదంటే లోపలి కనెక్టర్లు తుప్పు పడతాయి. ఐపీ68 (నీటిని తట్టుకుంటుందనే గుర్తు) అని రాసి ఉంది కదా అని రుషికొండ అలల్లోకి తీసుకెళ్లకండి. ఆ పరీక్షలు చేసేది మంచినీటిలో, ఉప్పునీటిలో కాదు.

ప్రశ్న: ఆధార్ కార్డు దగ్గరగా తీస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పాత ఫోన్‌లో బాగానే వచ్చేది.
– విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ఫోన్ పాడవలేదు. చాలా కొత్త ఫోన్లలో సెన్సర్ (కాంతిని పట్టే చిప్పు) పెద్దది కాబట్టి మరీ దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదరదు. ఐఫోన్ 14 ప్రో ప్రధాన కెమెరాకి 20 సెంటీమీటర్లు కావాలి. జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరం జరిగి, 2ఎక్స్ పెట్టి, కార్డు మీద వేలితో తట్టి తీయండి.

ప్రశ్న: కురుసుర జలాంతర్గామి మ్యూజియంలో పిల్లల్ని తీస్తే యంత్రాలన్నీ స్పష్టంగా వచ్చాయి, పిల్లలు మాత్రం అలికినట్టు వచ్చారు.
– పాఠకురాలు, పెందుర్తి

జవాబు: వెనక ఉన్నవి స్పష్టంగా ఉన్నాయంటే ఫోకస్, లెన్స్ రెండూ బాగున్నట్టే. లోపల వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంది, ఈలోగా పిల్లలు కదిలారు. నైట్ మోడ్ ఆపండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/125 సెకను పెట్టండి, పరుగెత్తే పిల్లలకైతే 1/250 లేదా 1/500. బొమ్మలో చుక్కలు కొంచెం పెరుగుతాయి, ముఖాలు మాత్రం నిలుస్తాయి.

ప్రశ్న: నా ఫోన్‌లో ఫోటో చక్కగా ఉంది, వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకి మసకగా వెళ్తోంది.
– పాఠకుడు, భీమిలి

జవాబు: వాట్సాప్ మామూలుగా ఫోటోని కుదించి పంపుతుంది. పంపేముందు పైన కనిపించే హెచ్‌డీ గుర్తు నొక్కండి. అసలు ఫోటో ఉన్నదున్నట్టు వెళ్లాలంటే గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా జోడించి పంపండి.