కోబాల్‌లో ఆదేశాలు 12వ కాలమ్ నుంచే ఎందుకు రాయాలి?

కోబాల్ ఒక ప్రోగ్రామింగ్ భాష. దాని పాత ఫిక్స్‌డ్ ఫార్మాట్‌లో లైన్‌లోని ఒక్కో చోటుకి (ఒక్కో అక్షరం పట్టే చోటు ఒక కాలమ్) ఒక్కో పని ముందే నిర్ణయమై ఉంటుంది, మూవ్, యాడ్, డిస్‌ప్లే లాంటి ఆదేశాలకు ఇచ్చిన చోటు 12 నుంచి 72వ కాలమ్ దాకా.

దీనికి మూలం పంచ్ కార్డులు. కోబాల్ పుట్టిన 1959-60 రోజుల్లో ప్రోగ్రాంలోని ప్రతి లైనూ 80 కాలమ్‌ల కార్డు మీద రంధ్రాల రూపంలో ఉండేది. మొదటి 6 కాలమ్‌లు వరుస నంబరుకి. కార్డుల కట్ట చేజారి కింద పడితే మళ్లీ వరుసలో పేర్చుకోవాలి కదా! 7వ కాలమ్‌లో నక్షత్రం గుర్తు ఉంటే అది కామెంట్, అంటే చదివేవాళ్ల కోసం రాసే వివరణ. డివిజన్, సెక్షన్, పేరాగ్రాఫ్ పేర్లు, 01 లెవెల్ డేటా 8-11 మధ్య మొదలవ్వాలి. 73-80 ప్రోగ్రాం గుర్తింపు కోసం. అక్కడ ఏం రాసినా కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) పట్టించుకోదు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక లెక్క చివర 1500 అని రాశారు, అందులో 15 సరిగ్గా 72వ కాలమ్‌లో ముగిసింది అనుకోండి. మిగతా రెండు సున్నాలూ పోతాయి. చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు, జవాబు మాత్రం తప్పు వస్తుంది.

ఆదేశాల ముందు వదిలే ఈ ఖాళీలు పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలోని ఇండెంటేషన్ లాంటివని చాలామంది అనుకుంటారు. కాదు. పైథాన్‌లో ఏ లైన్ ఏ బ్లాక్‌లోదో (కలిసి పనిచేసే లైన్ల గుంపులోదో) ఖాళీలే చెబుతాయి. కోబాల్‌లో ఆ పని ఎండ్-ఇఫ్ లాంటి పదాలు, ఫుల్‌స్టాప్ చేస్తాయి. 2002 ప్రమాణంలో ఫ్రీ ఫార్మాట్ వచ్చింది, అందులో ఈ కాలమ్ హద్దులు లేవు.