కెడిల్‌స్టన్‌లో జీరంగి రెక్కలు

ఇంగ్లండులో పాతకాలపు ప్రభువుల భవంతిని, దాని తోటలను ఒక్కచోట చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు అది నచ్చుతుందా అని అడిగారు. డార్బీ ఊరికి 8 కిలోమీటర్ల దూరంలోని కెడిల్‌స్టన్ హాలుకు వెళ్లండి. నచ్చుతుందా అనే దానికి మా అమ్మ సంగతే చెబుతాను.

అమ్మ కరీంనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా జాకెట్లకు మగ్గం పని చేస్తోంది. ఉత్తరం వైపు ముఖద్వారం కనబడగానే, తల భాగంలో ఆకులు చెక్కిన ఆ కొరింథియన్ స్తంభాలనూ వాటి మీది త్రికోణాన్నీ చూసి, "ఇది మీ కాలేజీయే గదనే" అంది. నేను చదివింది కోఠీ మహిళా కళాశాలలో. 19వ శతాబ్ది తొలి ఏళ్లలో నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ రెసిడెన్సీ భవనం దీనికి నకలు కాకపోయినా, చుట్టరికం అమ్మ కంటికి దొరికింది. అసలు నకలు కలకత్తాలో ఉంది. 1799-1803 మధ్య కట్టిన అక్కడి గవర్నమెంట్ హౌస్‌కు (తర్వాత వైస్రాయిలు ఉన్నది అందులోనే) కెడిల్‌స్టనే నమూనా కాబట్టి, 1859లో ఈ ఇంట్లో పుట్టిన కర్జన్ వైస్రాయిగా వెళ్లి తన ఇంటి నీడలోనే కాపురం చేశాడన్నమాట.

లోపల వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ తీర్చిన మార్బుల్ హాలులో అలబాస్టర్ అనే మెత్తని రాతి స్తంభాలు 20, గులాబీ చారలతో నిలబడి ఉంటాయి. అందరూ అక్కడే మెడలు నొప్పి పుట్టేలా పైకి చూస్తారు. నా మాట వింటే, కాళ్లు అలసిపోకముందే కింది అంతస్తులోని కర్జన్ తూర్పుదేశాల సేకరణకు దిగండి. 1903 ఢిల్లీ దర్బారు వేడుకల్లో ఆయన భార్య మేరీ తొడిగిన నెమలి గౌను కోసమే ఈ ప్రయాణం చేయవచ్చు.

బంగారు, వెండి జరీతో ఒకదాని మీద ఒకటి పరిచినట్లు కుట్టిన నెమలి ఈకలు కింది బట్టను దాదాపు కనబడనివ్వవు. ప్రతి ఈక కన్నులోనూ పచ్చరాయిలా ఏదో మెరుస్తుంటుంది. మసక వెలుతురులో అమ్మ తల అటూ ఇటూ వంచి, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి, "రాళ్లు కావే, జీరంగి రెక్కలు" అంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకున్న పురుగును ఆమె డార్బీలో గుర్తుపట్టింది! నిజమే, అవి పురుగు పైరెక్కలే. ఢిల్లీ పనివాళ్లు కుట్టిన ఆ బట్టను పారిస్‌లోని వర్త్ దుకాణం గౌనుగా మలిచింది. అంత పెళుసు రెక్కకు పగలకుండా రంధ్రం ఎలా చేశారా అని అమ్మ అక్కడే ముప్పావుగంట నిలబడిపోయింది. మిగిలిన గదులు మేము సగమే చూశాము. దానికి నాకు చింత లేదు. రోజుకు మూడు భవంతులు చూపిస్తామని బస్సులో కుక్కి తిప్పే టూర్ల వాళ్లతో ఒకసారి వెళ్లి, ఇంటికి చేరాక ఏ గది ఏ ఇంటిదో చెప్పలేకపోయిన అనుభవం నాది.

తోటలంటే పూలమడులు ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. అక్కడి అందమంతా పచ్చిక, చెట్లు, వాగును మలిచి చేసిన చెరువులు, వాటి మీద ఆడమ్ గీసిన మూడు కమానుల వంతెన. గొర్రెలు ఇంటి ముంగిట్లోకే వచ్చేస్తాయేమో అనిపిస్తుంది గానీ, వాటిని ఆపే గోడను పల్లపు కందకంలో దాచారు. ఈ "సహజమైన" దృశ్యం కోసం ఉన్న పల్లెనే అక్కడి నుంచి తరలించి, పాత చర్చిని మాత్రం ఇంటి పక్కన వదిలేశారు. ప్రకృతి అంటూ మురిసిపోయే ముందు ఆ చర్చి దగ్గర కాసేపు ఆగండి.

చెరువు గట్టున కూర్చుని నేను తెచ్చిన పులిహోర తింటూ, అమ్మ టికెట్టు వెనక పెన్నుతో ఈక గీసింది, కన్ను ఎక్కడ పడాలో చుక్క పెట్టింది. ఊరికి వెళ్లాక జర్దోసీతో, రెక్కల బదులు ఆకుపచ్చ చమ్కీలతో అదే ఈకను మా పిన్ని కూతురి పెళ్లి జాకెట్టు మీద కుట్టింది. కన్ను మాత్రం సరిగ్గా కుదరలేదని ఇప్పటికీ ఫోనులో అంటూనే ఉంటుంది.