రాత్రిపూట వచ్చే మెసేజ్‌ల గురించి

చెల్లీ,

నీ మెసేజ్ చూశాను. ఓన్లీఫ్యాన్స్‌లో నీకు చందా కట్టే ఆ నాటింగ్‌హామ్ ఆయన రోజూ అర్ధరాత్రి "ఇవాళెలా గడిచింది?" అని అడుగుతున్నాడనీ, జవాబివ్వకపోతే నీకే పాపం చేసినట్టుంటోందనీ రాశావు. ముప్ఫై దాటినదానివి, ఈ పని వద్దని చెప్పడానికి రాయట్లేదు. లండన్‌లో ఆరేళ్ళు నేనూ ఇదే చేశాను.

ఓన్లీఫ్యాన్స్ అంటే చందా కట్టినవాళ్ళకి మన పెద్దవాళ్ళ ఫోటోలు, వీడియోలు చూపించే సైటే కదా, అక్కడ చందా కట్టేది ఫోటోల కోసమే అనుకుంటాం. అలాంటి ఫోటోలు ఊరికే ఎక్కడైనా దొరుకుతాయి. వాళ్ళు డబ్బు పెట్టేది పేరు పెట్టి పలకరించినందుకు. నా దగ్గర ఒక రూళ్ళ పుస్తకం ఉండేది, మనిషికో పేజీ. కుక్క పేరు, డ్యూటీ ఏ షిఫ్టు, ఏ వీడియో కొన్నాడు, మోకాలి ఆపరేషన్ ఏ నెలలో. "మోకాలు ఎలా ఉంది?" అని అడిగితే ఆ పెద్దాయన ఏడాదిపాటు చందా ఆపలేదు. ఊరికే అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాను. కానీ "నిన్ను ప్రేమిస్తున్నాను" అని ఎవరికీ రాయలేదు. టిప్పు ఎంత పెద్దదైనా నువ్వూ రాయకు. నమ్మినవాడు ఇంటద్దె డబ్బు కూడా తెచ్చి నీకే పంపుతాడు.

నీ పేరుతో జవాబులు రాసిపెడతామని ఏజెన్సీలు వస్తాయి. వందలో 20 ఎలాగూ సైటుకే పోతుంది, మిగిలినదాంట్లో వీళ్ళకో వాటా. డబ్బు సంగతి అటుంచు. నీకని చెప్పుకున్న బాధ ఎవరో జీతానికి కూర్చున్నవాడు చదువుతాడు. అది నాకు మనసొప్పలేదు.

ఒకసారి నా ఫోటోలో కిటికీ అవతల చర్చి శిఖరం పడింది. రెండ్రోజుల్లో ఒకడు మా వీధి పేరు రాసి పంపాడు, "నేనూ దగ్గర్లోనే" అంటూ. బెదిరించలేదు, సంబరంగానే రాశాడు. నేను ఇల్లు మారాను. అప్పట్నుంచి కర్టెన్ వెయ్యకుండా కెమెరా పెట్టలేదు. ఎవరైనా డబ్బు నేరుగా నీ బ్యాంకులో వేస్తానన్నా ఒప్పుకోకు, నీ అసలు పేరు అతనికి తెలిసిపోతుంది.

సెలవులకి విజయవాడ వెళ్తే అక్కణ్ణుంచి ఏమీ పెట్టకు. లైంగిక దృశ్యాలు నెట్‌లో పెడితే అక్కడ ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ళ దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. సైటులో ఇండియాని బ్లాక్ చేసినా వీపీఎన్ (వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టుకున్నవాళ్ళు చూస్తారు, అది గుర్తుంచుకో.

నాటింగ్‌హామ్ ఆయనకి ఈ రాత్రి జవాబివ్వకు. రేపు పొద్దున కాఫీ తాగాక రాయి: "రోజూ కుదరదు, మంగళ, శుక్రవారాలు తొమ్మిది నుంచి పదకొండు దాకా ఉంటాను" అని. చందా మానేస్తే మానేయనీ. పంపేముందు కావాలంటే నాకొకసారి చూపించు.

మీ అక్క