అన్నప్రాశన ముహూర్తానికి వచ్చినప్పుడే కార్డు అడుగు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పేటలో అమ్మవారి గుడి నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. పిల్లల టీకాల గురించి నాలుగు మాటలు చెప్పమని మీ పేటలో టీకాలు వేసే నర్సు, అదే ఏఎన్‌ఎం, అడిగితే, గుడిలో ఈ మాటలేమిటని తటపటాయిస్తున్నావట. అమ్మవారి గుడిలో కాకపోతే ఇంకెక్కడ చెబుతావురా?

ముప్పయ్యేళ్ల కిందట ఇక్కడ విశాఖ పాతనగరంలో ఒక తల్లి పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చింది. ఒళ్లంతా తట్టు. రెప్పలు అంటుకుపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. నేను పసుపునీళ్లు చల్లి, వేపమండ చేతికిచ్చి, "అమ్మే చూసుకుంటుంది, వెళ్లమ్మా" అన్నాను. మూడో రోజుకి నిమ్ము చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. బిడ్డ దక్కలేదు. తర్వాతి వారం ఆమె వచ్చి, నన్నొక్క మాట కూడా అనకుండా నైవేద్యం పెట్టి వెళ్లింది. ఆ రోజు నుంచీ నేను నోరు మూసుకోలేదు.

"అమ్మవారు పోసినప్పుడు సూది వేయిస్తే అమ్మకి కోపం వస్తుంది" అనే ముసలమ్మలు నీకూ ఎదురవుతారు. వాళ్లతో వాదించకు. టీకా అమ్మవారు పోయకముందు, బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడు వేయించేదని చెప్పు. మశూచి గుర్తు చెయ్యి. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు, టీకాలతోనే పోయింది. జబ్బు పోయింది గానీ అమ్మ ఎక్కడికీ పోలేదు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర వరస చూశావు కదా! ఈ మాట చెబితే ఎంత పట్టుదలగల అత్తగారైనా ఒక్క క్షణం ఆగుతుంది. ఇంట్లో నిర్ణయం ఆవిడదే కాబట్టి ముందు ఆవిడతోనే మాట్లాడు.

అన్నప్రాశన ముహూర్తానికి వస్తారు చూడు, అదే సరైన సమయం. పంచాంగం తెరవకముందే టీకా కార్డు అడుగు. రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునే ఉంటారు. నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి వేసేవి పడ్డాయో లేదో చూడు. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా ఉందని, ఏడాదిన్నర ప్రాంతంలో రెండోది ఉందని ముహూర్తం రాసిన కాగితం మీదే రాసివ్వు. ఆ కాగితాన్ని ఎవరూ పారేయరు.

మొదటి సూదికి తొడ వాచి, రాత్రంతా జ్వరంతో బిడ్డ ఏడిస్తే చాలామంది రెండోదానికి రారు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందని ముందే చెప్పు. తగ్గకపోయినా, ఇంకేదైనా అనుమానం ఉన్నా ఏఎన్‌ఎం దగ్గరికే పంపు. మందుల విషయంలో మనకి తెలియని మాట మన నోట రాకూడదు. ఇంకో సంగతి, టీకా వేయించకపోతే అమ్మ ఆగ్రహిస్తుందని పొరపాటున కూడా అనకు. భయపెట్టి గెలిచింది ఎంతోకాలం నిలవదు.

ఒక్కడివే మొయ్యాలనుకోకు. మన హార్బర్ పక్కన వెంకటేశ్వర కొండ, దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్ పక్కపక్కనే లేవూ! మీ పేటలోని పాస్టర్ గారిని, మసీదు ఇమామ్ గారిని నువ్వే వెళ్లి కలువు. పోలియో రోజుల్లో ఉత్తరప్రదేశ్‌లో అనుమానాలతో తలుపులు తీయని ఇళ్లవాళ్ల చేత చుక్కలు వేయించడంలో ఇమాముల మాట ఎంతో పనిచేసింది. 2011 జనవరి తర్వాత మన దేశంలో వైల్డ్ పోలియో, అంటే సహజంగా వ్యాపించే వైరస్‌తో వచ్చే పోలియో, కేసు ఒక్కటీ రాలేదంటే అందులో వాళ్ల చెయ్యి కూడా ఉంది.

టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఎండలో ఎందుకు, మన మండపం ఇవ్వు. తాగడానికి నీళ్లు పెట్టు. మండపంలో ఫ్యాన్ తిరగడం లేదని మీ అమ్మ చెప్పింది, ముందు అది బాగుచేయించు. టీకాల రోజు ఎప్పుడో కనుక్కుని ఫోన్ చెయ్యి, పొద్దున్నే వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

మీ మామయ్య